రెండేళ్లు గడిచిన తరువాత

ఎండాకాలం రాత్రి కరెంటు పోతే మా ఇంట్లో పిల్లలం ఎవరమూ విసుక్కునేవాళ్లం కాదు. వాకిట్లో నులకమంచాలు వాల్చుకుని నాయనమ్మ చుట్టూ చేరేవాళ్లం. ఆమెకు చదువు రాదు, సంతకం రాదు, ఎక్కడైనా వేలిముద్రే. కానీ బైబిల్లోని ఆదికాండం 37వ అధ్యాయం నుంచి చివరిదాకా, యోసేపు కథ మొత్తం ఆమెకు నోటికి వచ్చు. "విచిత్రమైన నిలువుటంగీ" అన్న మాటను మాత్రం చర్చిలో విన్నది విన్నట్టే పలికేది. మిగతాదంతా మా ఊరి మాటే. అన్నలు యోసేపును పడేసిన గొయ్యి మా చేలగట్టున పూడిపోయిన పాత బావి. అతన్ని అమ్మేసిన ఇరవై తులాల వెండి ఎంతో మాకు తెలియాలని తన కాళ్ల కడియాలు చూపించేది. "ఇయ్యి రెండూ కలిపి పదిహేను తులాలుంటయ్. ఇంకో ఐదు తులాలేస్తే ఒక పిల్లోడు," అనేది. ఆ మాట విన్నాక నేను చాలాసేపు ఆ కడియాలనే చూస్తూ కూర్చున్నాను.

కథ చెరసాల దాకా వచ్చేది. రాజుగారికి తాగే గిన్నె అందించే పానదాయకుడూ అక్కడే ఉంటాడు, అతనికి యోసేపు కల విప్పి చెబుతాడు. నీకు మేలు జరిగినప్పుడు నన్ను గుర్తుపెట్టుకో, రాజుగారితో నా సంగతి చెప్పు అని అడుగుతాడు. పానదాయకుడు బయటికి వెళ్తాడు, మర్చిపోతాడు. సరిగ్గా అక్కడ నాయనమ్మ మంచం దిగేది. గేదెకు మేత వేసొస్తానని ఒకసారి, పొయ్యిలో నిప్పు ఆరిందో లేదో చూసొస్తానని ఒకసారి. మేము వెనకే పడేవాళ్లం, తర్వాత ఏమైంది, తర్వాత ఏమైంది అని. "ఉండండి. ఇంకా రెండేళ్లు కాలా," అనేది. ఒకసారి నిజంగానే రెండు రాత్రులు కథ ఆపేసింది. మూడో రాత్రి మా తమ్ముడు ఏడుపు మొహంతో ఆమె కొంగు పట్టుకుని, "రెండేళ్లయిపోయినయి నాయనమ్మా" అన్నాడు.

పెద్దయ్యాక నేను బైబిలు సొంతంగా చదువుకున్నప్పుడు ఆ చోటు వెతికి చూశాను. 40వ అధ్యాయం ఆఖరి మాటల్లో పానదాయకుడు యోసేపును మర్చిపోయాడు. 41వ అధ్యాయం మొదటి మాటల్లో రెండేళ్లు గడిచిపోయాయి. ఈ రెండింటి మధ్య నా బైబిల్లో ఒక వేలు పట్టేంత ఖాళీ కూడా లేదు. చదివేవాళ్లం ఒక్క ఊపిరిలో దాటేస్తాం. యోసేపు మాత్రం ఆ రెండేళ్లూ రోజుకొక రోజు చొప్పునే బతికాడు. తన కథలో ఇంకో అధ్యాయం ఉందని అతనికి తెలియదు. మాకు తెలుసు, అందుకే అంత ఆత్రం. నాయనమ్మ అలా లేచి వెళ్లిపోవడంలో ఆ ఖాళీని మా చేత బతికించిందని నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

మనిషికి కథ ఎందుకు కావాలి అని ఎవరు అడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఖాళీయే. మనమందరం దాంట్లోనే కాపురం ఉన్నాం. నిన్న జరిగింది కొంత గుర్తుంది, రేపు జరిగేది తెలియదు, ఇవాళ మాత్రం అయిపోవడం లేదు. ప్రసంగి గ్రంథం 3వ అధ్యాయంలో ఒక మాట ఉంది: దేవుడు "శాశ్వతకాల జ్ఞానమును నరుల హృదయమందుంచి యున్నాడు" అని. ఆ వెంటనే, దేవుడు చేసే పనుల్ని పూర్తిగా తెలుసుకోవడానికి ఆ జ్ఞానం చాలదని కూడా ఉంది. మొదలూ చివరా తెలుసుకోవాలన్న తపన లోపల పెట్టి, అంతదూరం చూసే కళ్లు మాత్రం ఇవ్వలేదన్నమాట. ఆ తపనకీ ఈ చూపుకీ మధ్యలోనే కథ కావాలన్న ఆకలి పుడుతుందని నా నమ్మకం. దాన్ని మనలో పెట్టింది దేవుడే అని కూడా నమ్ముతాను.

అడవిలో పులి ఎటు తిరుగుతోందో ఒకరికొకరు చెప్పుకోవాల్సి వచ్చి కథ పుట్టిందని, బతకడానికి పనికొచ్చింది కాబట్టే ఆ అలవాటు మిగిలిందని కొందరంటారు. ఉండవచ్చు, దానితో నాకు పేచీ లేదు. కానీ పులి సంగతి తెలిస్తే చాలనుకునే ప్రాణి, వేల ఏళ్ల కిందట ఎక్కడో ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, చెరసాలలో ఉన్న ఒక పరాయి కుర్రాడి కోసం వాకిట్లో కూర్చుని ఏడవదు. మా తమ్ముడు ఏడ్చాడు.

ఇక్కడ ఒక పాత బాధ చెప్పాలి. నా చిన్నప్పుడు మా ఊరికి సభలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు, కథలు చెప్పుకుంటూ కూర్చునే ఆడవాళ్ల గురించి మాట్లాడుతూ అపొస్తలుడు పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన మొదటి పత్రికలోని వాక్యం ఎత్తాడు: "అపవిత్రములైన ముసలమ్మ ముచ్చటలను విసర్జించి" అని. అందరూ నవ్వారు. నాయనమ్మ ముందు వరసలో చాప మీద కూర్చుని ఉంది. ఆమె నవ్వలేదు, తల కూడా ఎత్తలేదు. తర్వాత దాదాపు నెల రోజులు మాకు కథ చెప్పలేదు. అడిగితే, "దేవుడొద్దన్నాడంటగా" అంది.

ఆ రోజు ఆమె పక్కన కూర్చుని చెప్పగలిగే వయసు నాకు లేదు. ఇప్పుడైతే చెబుతాను. అక్కడ పౌలు వద్దన్న ముచ్చట్లు ఏవో ఆ పత్రిక మొదట్లోనే ఉంది: కల్పనాకథలు, మితం లేని వంశావళులు, వాదాలు పెంచే సరుకు. అదే పౌలు, అదే తిమోతికి రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలోనే, నీలో ఉన్న విశ్వాసం ముందు మీ అవ్వ లోయిలోనూ, మీ అమ్మ యునీకేలోనూ ఉంది అని ఇద్దరి పేర్లూ పెట్టి మరీ రాశాడు. చిన్నప్పటి నుంచీ నీకు లేఖనాలు తెలుసు అని కూడా అన్నాడు. పసివాడైన తిమోతికి లేఖనాలు ఎవరి ఒళ్లో తెలిసి ఉంటాయి? ఆ ఇంట్లో రాత్రిపూట ఏం జరిగేదో నాకు తెలుసనిపిస్తుంది. నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగాను.

ఒంగోలు నుంచి పొదిలి వెళ్లే పల్లెవెలుగు బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చోండి. పక్కన కూర్చున్న పెద్దావిడ రెండు నిమిషాల్లో రెండు ప్రశ్నలు అడుగుతుంది: "ఏ ఊరమ్మా మనది? ఎందాకా?" చిన్నప్పుడు నాకు ఇది చికాకుగా ఉండేది. ఆదికాండం 16వ అధ్యాయం జాగ్రత్తగా చదివాక ఆ చికాకు పోయింది. యజమానురాలు శారయి పెట్టే బాధ పడలేక, కడుపుతో ఉన్న హాగరు అరణ్యంలోకి పారిపోతుంది. నీటి ఊట దగ్గర దేవదూత ఆమెను పేరు పెట్టి పిలిచి అడిగింది ఆ రెండు ప్రశ్నలే. ఎక్కడ నుంచి వస్తున్నావు, ఎక్కడికి వెళ్తున్నావు.

ఆమె ఒక్కదానికే జవాబు చెప్పింది. నా యజమానురాలి దగ్గర నుంచి పారిపోతున్నాను అంది. రెండోదానికి ఆమె దగ్గర జవాబు లేదు. ఎన్నిసార్లు చదివినా నేను అక్కడ ఆగిపోతాను. పారిపోయే మనిషికి వెనక ఏముందో తెలుసు, ముందు ఏముందో తెలియదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు దేవుడే చెప్పాడు. తిరిగి వెళ్లమన్నాడు, అది తేలికైన మాట కాదు. పుట్టబోయే కొడుక్కి పేరు కూడా పెట్టాడు. అప్పుడు ఆ దాసి దేవుడికి ఒక పేరు పెట్టింది: "చూచుచున్న దేవుడవు నీవే" అని. ఒక బానిస స్త్రీ, ఐగుప్తీయురాలు, ఆమె ఇంట్లో ఆమె మాటకు విలువ లేదు. నన్ను ఒకరు చూశారు, నా మాట ఒకరు అడిగి విన్నారు, ఆమెకు అది చాలింది.

బస్సులో పెద్దావిడ అడిగినా, ఆసుపత్రి వరండాలో పక్క బెంచీ మనిషి అడిగినా లోపల ఉన్నది ఇదే ఆకలి. నా సంగతి ఒకరు అడగాలి, నేను ఎక్కడి నుంచి వచ్చి ఎందాకా పోతున్నానో ఒకరికి తెలియాలి.

మా ముత్తాత లంద నడిపేవాడు. ఈ మాట తెలియనివాళ్ల కోసం చెబుతాను. లంద అంటే తోళ్లు నానబెట్టే గోలెం. పచ్చితోలును సున్నపు నీళ్లలో వేసి బొచ్చు ఊడేదాకా ఉంచి, గీకి, మళ్లీ తంగేడు చెక్క నానిన నీళ్లలో రోజుల తరబడి ఊరనిస్తారు. ఆ వాసన చేతుల నుంచి, బట్టల నుంచి, ఇంటి గోడల నుంచి పోదని నాయనమ్మ చెప్పేది. కొత్తకోడలుగా వచ్చిన మొదటి నెల ఆమెకు అన్నం సహించలేదట. లంద ఎప్పుడూ ఊరికి దూరంగా, నీళ్లకు దగ్గరగా ఉంటుంది. దూరం ఎందుకో ఊరు చెబుతుంది. నీళ్లెందుకో పని చెబుతుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం నాయనమ్మకు అపొస్తలుల కార్యాలు చదివి వినిపిస్తున్నాను. 9వ అధ్యాయం చివర్లో యేసు శిష్యుడు పేతురు యొప్పే అనే ఊళ్లో సీమోను అనే చర్మకారుడి ఇంట్లో చాలా రోజులు ఉన్నాడని ఉంది. చర్మకారుడంటే ఎవరు అంది. తోళ్లు బాగుచేసేవాడు అన్నాను. ఆమె తింటున్న వక్క పక్కన పెట్టింది. తర్వాతి అధ్యాయంలో దేవదూత కొర్నేలీ అనే రోమా శతాధిపతికి పేతురు ఎక్కడ ఉంటున్నాడో గుర్తులు చెబుతాడు: చర్మకారుడైన సీమోను ఇల్లు, అది సముద్రం పక్కన ఉంది అని. అది చదవగానే నాయనమ్మ, "మరి యాడ ఉంటది? ఊళ్లో ఉండనిస్తారా?" అంది.

నేను ఆ వాక్యం అప్పటికి ఎన్నిసార్లో చదివాను. సముద్రం సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. చచ్చిన జంతువును ముట్టుకుంటే మైల అని ధర్మశాస్త్రం చెప్పే సమాజంలో రోజూ అదే పని చేసేవాడి ఇల్లు ఊరి చివర, నీళ్ల పక్కన కాక ఇంకెక్కడ ఉంటుంది? ఆమె ఆ ఇంటిని చూసినంత తేలిగ్గా చెప్పేసింది, ఎందుకంటే ఆమె అలాంటి ఇంటి కోడలు. పేతురు ఆ ఇంట్లో తిన్నాడు, పడుకున్నాడు. ఏది పవిత్రం, ఏది అపవిత్రం అన్న దర్శనం అతనికి వచ్చింది ఆ ఇంటి మిద్దె మీదే. కింద నుంచి ఆ వాసన వస్తూ ఉండగానే "దేవుడు పవిత్రము చేసినవి నీవు నిషిద్ధమైనవిగా ఎంచవద్దు" అన్న మాట విన్నాడని నేను అనుకుంటాను. ఆ రోజు నుంచి నాయనమ్మ ఆ సీమోనును "మన సీమోను" అనేది. బంధువుల్లో ఒకడి గురించి చెప్పినట్టు.

మా జిల్లాలో సువార్త ఎలా పాకింది అన్నదానికి చరిత్రకారులు చాలా కారణాలు చెబుతారు. జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. ఆ ఏడాదే తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. ఊరూరా తిరిగి, తనవాళ్ల గూడేల్లో కూర్చుని మాట్లాడింది ఆయనే. తర్వాత 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని కరువుబారిన పడ్డవాళ్లకు కూలి చూపించాడు. బోధకులే అక్కడ మేస్త్రీలు. తవ్వే మనుషులు అలిసి కూర్చున్నప్పుడు వాళ్లతో కూర్చుని యేసు సంగతులు చెప్పేవారు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం నడుస్తున్నన్నాళ్లూ క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అది ముగిశాక 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

కరువే కారణమని, కులం పెట్టిన బాధే కారణమని, తెల్లవాళ్ల అండే కారణమని రకరకాలుగా రాశారు. వాటన్నిటిలో కొంత కొంత నిజం ఉంది. కానీ ఆ నదిలో దిగినవాళ్లలో మావాళ్లూ ఉన్నారని వింటూ పెరిగిన మనిషిగా నేను ఇంకో మాట కలుపుతాను. మావాళ్లకు కథలు లేక కాదు. మా కులం పుట్టుక చెప్పే జాంబపురాణం ఉంది, మాతంగి అమ్మవారి కథలు ఉన్నాయి, చెప్పులు కుడుతూ పెద్దలు చెప్పుకున్న కథలు తరతరాలుగా ఉన్నాయి. అయితే ఊరు మొత్తం కూర్చుని వినే కథలో మాకు చోటు ఎక్కడ? ఊరి చివర. పేరయ్య చెప్పిన కథలో దేవుడి కొడుకు పశువుల తొట్టిలో పుట్టాడు, వడ్లపని చేశాడు, ఊరి వెలుపల చంపబడ్డాడు. ఆయన సేవకుడు చర్మకారుడి ఇంట్లో అన్నం తిన్నాడు. దేవదూత నోట ఆ ఇంటి చిరునామా వచ్చింది. వినేవాడికి తన ఇల్లు కథలో కనిపిస్తే అతను వినడం ఆపడు.

కథలంటే ఇంత ప్రేమ ఉన్నా, కథల వల్ల జరిగే చెడును కాదనలేను. తొలినాటి సంఘ గురువు అగస్టీన్ "ఒప్పుకోలు" అనే తన ఆత్మకథలో చిన్నప్పటి సంగతి ఒకటి రాసుకున్నాడు. బడిలో కార్తేజీ రాణి దీదో ప్రేమ విఫలమై ప్రాణం తీసుకున్న కావ్యకథ చదివి కన్నీళ్లు పెట్టుకునేవాడట. దేవుడికి దూరమై తాను చచ్చిపోతున్న సంగతికి మాత్రం ఒక్క చుక్క కన్నీరు రాలేదట. ఈ మాట నాకు సూటిగా తగులుతుంది. రాత్రి పదకొండింటికి ఫోనులో ఒక సిరీస్ ఎపిసోడ్ అయిపోయి, తర్వాతది దానంతట అదే మొదలైపోతుంటే, పక్క గదిలో అమ్మ దగ్గుతున్నా లేవని రాత్రులు నాకూ ఉన్నాయి. తెర మీద తల్లి కోసం ఏడుస్తూ ఇంట్లో తల్లి దగ్గు వినకపోవడం చిన్న తప్పు కాదు. ఆకలి మంచిదే. దానికి రోజూ తీపి మాత్రమే పెడితే ఒళ్లు పాడవుతుంది.

దీనికి మందు కూడా కథే అని నాకు నాతాను ప్రవక్త వల్ల తెలిసింది. దావీదు రాజు తన సైనికుడు ఊరియా భార్యను తీసుకున్నాడు, ఊరియాను యుద్ధంలో ముందు నిలబెట్టి చంపించాడు. నాతాను వచ్చి నేరం చదివి వినిపించలేదు. ఒక ఊళ్లో ఇద్దరు మనుషులు అని మొదలుపెట్టాడు. ఒకడు ధనవంతుడు, మందలున్నవాడు. ఇంకొకడు పేదవాడు, ఒక్క ఆడగొర్రెపిల్ల తప్ప ఏమీ లేదు. అది అతని పిల్లలతో పెరిగింది, అతని ముద్దలో తిన్నది, అతని గిన్నెలో తాగింది, అతని ఒళ్లో పడుకుంది. ఇన్ని వివరాలు ఎందుకు చెప్పాడో ఆలోచించండి. దావీదు గొర్రెలు కాసి పెరిగినవాడు. ఒళ్లో పడుకున్న గొర్రెపిల్ల బరువు అతని తొడలకు తెలుసు. కోపంతో మండిపోయి, వాడు చావాలి అన్నాడు. అప్పుడు నాతాను ముందుగా అన్న మాట: "ఆ మనుష్యుడవు నీవే."

అగస్టీన్ దీదో కోసం ఏడ్చి తనను మర్చిపోయాడు. దావీదు గొర్రెపిల్ల కోసం మండిపడి తనకే ఎదురుపడ్డాడు. ఏ కథ మంచిది, ఏది చెడ్డది అని నన్ను అడిగితే నేను చూసేది ఇదే. అది నన్ను నా ఇంటికి తిరిగి పంపిందా, లేదా ఇంకో ఎపిసోడుకు పంపిందా?

ఇక మనసులో ఉన్న పెద్ద మాట. మా తమ్ముడు, ఆ రెండేళ్లయిపోయాయన్న తమ్ముడే, ముప్పై ఒకటో ఏట హైవే మీద బైకు ప్రమాదంలో పోయాడు. ఇంటికి వచ్చినవాళ్లంతా మంచివాళ్లే. ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం చెప్పారు. దేవుడి చిత్తం అన్నారు, అన్నీ మేలుకే అన్నారు, మంచిచోట ఉన్నాడు ఏడవకూడదు అన్నారు. అవి అబద్ధాలని నేను అనను. కానీ వాటిని వింటుంటే ఒంట్లో ఏదో బిగుసుకుపోయింది. మూడో రోజు సాయంత్రం వెనక వీధి పెద్దమ్మ ఒకామె వచ్చి మా అమ్మ పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ప్రార్థన చేయలేదు, వాక్యం చెప్పలేదు. కాసేపటికి తన కొడుకు సంగతి మొదలుపెట్టింది. పనికి వెళ్లిన చోట జ్వరమొచ్చి పోయాడు. వెళ్లే ముందు రాత్రి చింతచిగురు పప్పు చేయమన్నాడట. చిగురు ముదిరిపోయింది, పొద్దున చూద్దాంలే అందట. "ముదిరిందైనా వండాల్సింది," అంది. మా అమ్మ మూడు రోజుల తర్వాత అప్పుడు నోరు విప్పింది. మా తమ్ముడు ఆ పొద్దున టిఫిను తినకుండా ఎలా వెళ్లాడో మొదటిసారి చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఆ రాత్రి రెండు ముద్దలు తింది.

తర్వాత నాలుగేళ్లకు అమ్మకు పెద్ద జబ్బు చేసి నయమైంది. మేము వెళ్లే సంఘంలో నన్ను సాక్ష్యం చెప్పమని మైకు ఇచ్చారు, చెప్పాను, అందరూ స్తోత్రం అన్నారు. నిజంగానే స్తోత్రం చెప్పాల్సిన సంగతే అది. కానీ తమ్ముడు పోయిన సంవత్సరం నాకు ఎవరూ మైకు ఇవ్వలేదు. మన సాక్ష్యాల్లో అప్పు తీరాలి, జబ్బు తగ్గాలి, వీసా రావాలి, అప్పుడే వేదిక ఎక్కాలి. మధ్యలో ఉన్నవాళ్లు వెనక వరసలో కూర్చుని, తమ కథ దేవుడి కథ కాదేమో అనుకుంటూ ఇంటికి వెళ్తారు. ఇది తప్పని నేను గట్టిగా చెబుతాను. బైబిలు ఇలా చేయలేదు. 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ముగుస్తుంది. దాని తర్వాత ఓదార్పు వచనం ఒక్కటీ లేదు. అయినా దాన్ని దేవుడి పాటల పుస్తకంలోంచి ఎవరూ తీసేయలేదు, వేల సంవత్సరాలుగా పాడుతూనే ఉన్నారు.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను నిలబెట్టింది యోహాను 11వ అధ్యాయం. లాజరు చనిపోయాడని యేసుకు తెలుసు. లేపడానికే వెళ్తున్నానని దారిలోనే శిష్యులకు చెప్పాడు. అంటే కథ చివర ఏం జరుగుతుందో అక్కడ ఆయన ఒక్కడికే తెలుసు. ఇంకాసేపట్లో లాజరు కట్లతో నడిచి బయటికి వస్తాడు. అలాంటప్పుడు లాజరు తోబుట్టువు మరియ ఏడుస్తుంటే, ఏడవకు, ఇప్పుడు చూస్తావుగా అని ఆయన అనవచ్చు. అనలేదు. కన్నీళ్లు విడిచాడు. చివర తెలిసినవాడు మధ్యలో ఉన్నవాళ్లతో కలిసి మధ్యలోనే నిలబడి ఏడ్చాడు. నేను క్రైస్తవురాలిగా ఉండటానికి కారణం అడిగితే, వాదనలు చాలా ఉన్నాయి గానీ, నా చేయి ముందు ఈ పేజీ మీదికే వెళ్తుంది. కథ రాసినవాడు దూరంగా కూర్చుని నన్ను నడిపించడం లేదు. నా రెండేళ్ల ఖాళీలోకి దిగి వచ్చాడు.

నేను ఇరవై ఏళ్లుగా సండేస్కూల్లో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మొదట్లో కథ చెప్పగానే బోర్డు మీద మూడు నీతులు రాయించేదాన్ని. ఇప్పుడు రాయించడం లేదు. తప్పిపోయిన కుమారుడి కథ చెప్పిన రోజున ఒక పిల్లవాడు, ఎనిమిదేళ్లుంటాయి, అందరూ వెళ్లిపోయాక తలుపు దగ్గర నిలబడి, "టీచర్, మరి వాళ్లన్న లోపలికి వెళ్లాడా?" అని అడిగాడు. లూకా సువార్తలో అది లేదు. తండ్రి బయటికి వచ్చి బతిమాలుతూ ఉంటాడు, తమ్ముడు తిరిగొచ్చాడని విందు చేస్తుంటే అలిగిన అన్న వాకిట్లోనే ఉంటాడు, యేసు అక్కడ ఆపేశాడు. లేదని చెప్పాను. వాడు చాలాసేపు ఆలోచించాడు. వాళ్ల ఇంట్లో నాన్నా, పెద్దనాన్నా మాట్లాడుకోవడం లేదని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు బోర్డు మీద మూడు నీతులు రాసి ఉంటే ఆ ప్రశ్న వాడి నోటిదాకా వచ్చేది కాదు.

నాయనమ్మ ఆఖరి సంవత్సరం మంచంలోనే గడిచింది. మనుషులు గుర్తుండేవారు కాదు. నన్ను మా చిన్నత్త పేరుతో పిలిచేది. తమ్ముడు ఏడీ అని రోజూ అడిగేది. ఒక రాత్రి కరెంటు పోయింది. నిద్రపట్టక మసులుతోంది. విసనకర్రతో విసురుతూ, ఏం చేయాలో తోచక, "యోసేపు కథ చెప్పనా నాయనమ్మా?" అన్నాను. చెప్పు అంది. అంగీ, గొయ్యి, ఇరవై తులాలు. ఆమె చెప్పినట్టే చెప్పాను. అంగీని మేక రక్తంలో ముంచి తెచ్చి చూపిస్తే యాకోబు నమ్మేశాడు. పదిహేడేళ్ల కొడుకు పోయాడనుకుని ఇరవై ఏళ్లకు పైగా ఏడ్చాడు. చివరికి అన్నలు ఐగుప్తు నుంచి వచ్చి యోసేపు బతికే ఉన్నాడు అంటే, ఈసారి ఆ ముసలాయన నమ్మలేదు. మాటలతో నమ్మలేదు. తనను తీసుకెళ్లడానికి కొడుకు పంపిన బండ్లను చూశాకే "ప్రాణము తెప్పరిల్లెను" అని ఉంది.

కానీ ఆ రాత్రి నేను అంతదాకా రాలేదు, ఇంకా చెరసాల దగ్గరే ఉన్నాను. పానదాయకుడు మర్చిపోయాడు అని చెప్పి, అలవాటుగా ఆగాను. నాయనమ్మ కళ్లు మూసుకునే ఉంది. నిద్రపోయిందనుకున్నాను. కాసేపటికి, "బండ్లు బయలుదేరినయ్యా?" అంది.

"బయలుదేరాయి నాయనమ్మా. దారిలో ఉన్నాయి."

"దూరం కదా," అంది. "ఎద్దులకు నీళ్లు పెట్టారో లేదో."